దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ అవుతోంది, కాన్పయ్యి 5 నెలలు. మా అమ్మకీ ఇదే ఉందని మొన్నే తెలిసింది

లేత_ఉదయం

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు. నాకు 31. రెండో పాప పుట్టి 5 నెలలు. నార్మల్ డెలివరీయే, పాప 3.9 కేజీలు, చివర్లో నాకు ఓపిక లేక వాక్యూమ్ పెట్టి తీశారు, కుట్లు పడ్డాయి. కుట్లు మానిపోయాయి, నొప్పి లేదు. కానీ దగ్గితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే, పాపని ఉయ్యాల్లోంచి వంగి ఎత్తుకుంటే చుక్కలు చుక్కలుగా పడిపోతోంది. మొన్న పాప చంకలో ఉండగా వరసగా మూడు తుమ్ములొచ్చాయి, కాళ్లు మడతేసుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయా, అయినా నైటీ తడిసిపోయింది. పెద్దవాడు చూసి అమ్మా నీళ్లు ఒలికాయా అన్నాడు. ఆ రోజు బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఆరు వారాల చెకప్‌లో డాక్టర్ గారు కుట్లు చూశారు, పాప బరువు చూశారు, అంతా బాగుంది అన్నారు. దీని గురించి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు, అప్పటికి అదే తగ్గిపోతుందిలే అనుకున్నా.

అసలు విషయం ఇంకోటి. అమ్మ నా దగ్గరే ఉంది ఇప్పుడు, 57 ఏళ్లు. బట్టలు సర్దుతుంటే ఆవిడ బ్యాగ్‌లో మడతలు పెట్టిన పాత గుడ్డముక్కలు ఓ కట్ట కనిపించాయి. పీరియడ్స్ ఆగిపోయి ఆరేళ్లయింది కదా ఇవెందుకమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉంది, ఈ మధ్య బాగా ఎక్కువైంది అని. 31 ఏళ్లు! ఒక్క మనిషికి కూడా చెప్పలేదు, నాన్నకి కూడా. ఊళ్లు వెళ్లాలంటే ఏదో ఒక వంక చెప్పి మానేసేది, అది ఆవిడ స్వభావం అనుకునేవాళ్లం మేము.

నాది దానంతటదే పోతుందా? అమ్మకి ఈ వయసులో ఏమైనా చెయ్యొచ్చా లేక ఇక ఇంతేనా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

పెద్దక్క_సు

పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలేనమ్మా, అందరికీ ఉంటుంది. నెమ్మదిగా అలవాటైపోతుంది. నీళ్లు కాస్త తక్కువ తాగు, బయటికి వెళ్లేముందు ఒకసారి వెళ్లిరా. కంగారు పడకు.

శరత్కాలం

పెద్దక్క గారూ మీరు ధైర్యం చెప్పడానికే రాశారని తెలుసు కానీ నేను ఒప్పుకోలేను. చాలామందికి ఉంటుంది, నిజమే, కాన్పు తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో ఉంటుందంటారు. కానీ అందరికీ ఉంది కాబట్టి భరించాలి అంటే ఎలా అండి? పంటినొప్పి కూడా అందరికీ వస్తుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లట్లేదా? అలవాటైపోతుంది అన్న మాట వినే నేను మొదటి బాబు పుట్టాక రెండేళ్లు ప్యాడ్‌తో తిరిగాను, చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గర మూడున్నర నెలలు నేర్చుకుని చేశాక తగ్గింది. పూర్తిగా అంటే పూర్తిగా, ఇప్పుడు నాకు 38, స్కిప్పింగ్ కూడా చేస్తున్నా.

లేత ఉదయం, నువ్వు ఒక్కదానివే కాదు. అమ్మకి కూడా ఆ మాట చెప్పు ముందు.

ఇంకోటి, నెలసరి ప్యాడ్‌లు వాడుతుంటే మానెయ్. అవి రక్తం కోసం చేసినవి, యూరిన్‌ని లోపలికి సరిగ్గా లాగవు, చర్మం ఒరిసి మంట పుడుతుంది. యూరిన్ లీక్‌కి వేరే ప్యాడ్‌లు ఉంటాయి, పల్చగానే ఉంటాయి. తగ్గేదాకా అవి వాడుకో.

ఫిజియో_వనజ

నేను పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్ట్‌ని, పద్నాలుగేళ్లుగా ఇదే పని. మనిషిని చూడకుండా చెప్పేది కాబట్టి ఇది ట్రీట్‌మెంట్ అనుకోవద్దు, ముందు ఒకసారి యూరిన్ టెస్ట్ చేయించుకోండి, ఒక్కోసారి ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే ఉంటుంది.

పొత్తికడుపు కింద, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు ఉయ్యాలలా వేలాడుతూ ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, మలద్వారం మూడింటినీ అవే మోస్తాయి. తొమ్మిది నెలలు బరువు మోసి, కాన్పులో మామూలుకంటే దాదాపు మూడు రెట్ల దాకా సాగి, ఒక్కోసారి చిరిగి, తర్వాత వాటంతటవే యథాస్థితికి రావాలంటే అందరికీ రావు. దగ్గినప్పుడు కడుపులోంచి కిందికి ఒత్తిడి పడుతుంది, ఆ క్షణంలో కండరం బిగిసి మూత్రనాళాన్ని మూసెయ్యాలి, అది ఆలస్యమైనా బలం చాలకపోయినా చుక్క పడుతుంది. మీది ఇదే రకంలా ఉంది. దీనికి మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, మందూ కాదు, వ్యాయామమే.

ఎలాగంటే, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు వెనక బిగించండి, అదే బిగింపుని ముందుకి తెచ్చి మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగండి. పైకి అనేది ముఖ్యం, చాలామంది కిందికి ముక్కుతారు, అది చేస్తే ఉన్నది కూడా పోతుంది. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి ఆపకూడదు. చేస్తూ మాట్లాడగలిగితే కరెక్ట్‌గా చేస్తున్నట్టు. మొదట్లో మూడు సెకన్లు పట్టుకోవడమే కష్టం, అంతే సేపు వదిలెయ్యండి, పూర్తిగా వదలడం కూడా వ్యాయామంలో సగం. మెల్లగా పది సెకన్లకి తీసుకెళ్లాలి. కనీసం ఎనిమిది సార్లు, రోజుకి మూడు పూటలు, మూడు నెలలు. మూడు వారాలకి ఏం తేడా లేదని మానేసేవాళ్లే ఎక్కువ నా దగ్గర, కండరం అంత తొందరగా పెరగదమ్మా.

దాంతో పాటు ఒక చిన్న కిటుకు, తుమ్ము వస్తోందని తెలియగానే, పాపని ఎత్తబోయే ముందే ఒకసారి బిగించి అప్పుడు తుమ్మండి, అప్పుడు ఎత్తండి. ఇది ఒక వారంలోనే కొంత తేడా చూపిస్తుంది చాలామందికి.

యూరిన్ పోస్తూ మధ్యలో ఆపి ఆపి చెయ్యమని ఎవరైనా చెబితే చెయ్యొద్దు. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్కసారి అయితే ఫర్వాలేదు, రోజూ చేస్తే మూత్రసంచి సరిగ్గా ఖాళీ అవ్వదు.

ఇక నీళ్లు తగ్గించడం. పెద్దక్క గారూ క్షమించాలి, అది తప్పు సలహా. తక్కువ తాగితే యూరిన్ చిక్కబడి మూత్రసంచిని ఇంకా చికాకు పెడుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కి ముక్కి ఆ కండరాలే ఇంకా సాగుతాయి. పైగా పాలిచ్చే తల్లి.

అమ్మ గారిది విడిగా చూడాల్సిన విషయం, అది ఇంత చిన్నగా తేలేది కాదు.

లేత_ఉదయం

వనజ గారూ మీ పోస్ట్ నాలుగుసార్లు చదివాను. రాత్రి పాప పడుకున్నాక ప్రయత్నించా, ముందు అసలు ఏమీ తెలియలేదు, ఏ కండరమో అర్థం కాలేదు, తొడలు బిగుసుకుపోతున్నాయి. అరగంట తర్వాత సన్నగా, దారంతో ఎవరో లోపలికి లాగినట్టు ఒక్క క్షణం అనిపించి పోయింది. అదేనా?

ఫిజియో_వనజ

అదే! మొదటిసారి అలాగే సన్నగా ఉంటుంది. మీకు తెలిసింది, సంతోషం. తెలియనివాళ్లు చాలామంది ఉంటారు, అందుకే వీలైతే ఒక్కసారైనా చేతితో పరీక్షించి చెప్పే మనిషి దగ్గరికి వెళ్లమంటాను. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ ఈ వ్యాయామాల గురించి రాశారు, అందుకే కెగెల్స్ అంటాం. ఆయన ఊరికే బిగించమని చెప్పి పంపలేదు, లోపల ఒత్తిడి కొలిచే పరికరం పెట్టి, దాని డయల్ మీద ముల్లు ఎంత కదిలిందో వాళ్లకే చూపించేవారు. మనవాళ్లకి పేరు చేరింది కానీ ఆ కొలిచి చూపించడం చేరలేదు, కాగితం మీద రాసిచ్చి పంపేస్తున్నారు.

నీలి_26వారాలు

నాకిప్పుడు 26 వారాలు, మొదటి కాన్పు. ఇది చదివి భయమేస్తోంది. సిజేరియన్ అడిగి చేయించుకుంటే ఈ బాధ ఉండదు కదా?

గైనిక్_ట్రైనీ

భయపడకండి. సిజేరియన్‌తో కొంత తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. స్వీడన్‌లో ఒక్క కాన్పే అయిన ఆడవాళ్లని 20 ఏళ్ల తర్వాత కనుక్కుంటే, నార్మల్ అయినవాళ్లలో 40 శాతం మందికి, సిజేరియన్ అయినవాళ్లలో 29 శాతం మందికి లీక్ ఉంది. అంటే కడుపులో బిడ్డని మోయడమే ఒక కారణం, ప్రసవం ఇంకో కారణం, వయసు, బరువు, దగ్గు, మలబద్ధకం అన్నీ కలుస్తాయి. సిజేరియన్ కూడా పెద్ద ఆపరేషనే, తర్వాతి కాన్పుల్లో మాయ కిందికి అతుక్కోవడం లాంటి రిస్కులు దానికీ ఉన్నాయి. కేవలం ఈ ఒక్క కారణానికి దాన్ని ఎంచుకోమని నేనైతే చెప్పను, మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది, ఇప్పుడే ఆ వ్యాయామం మొదలుపెట్టడం. లీక్ లేనివాళ్లు కడుపుతో ఉన్నప్పుడే నేర్చుకుని పద్ధతిగా చేస్తే చివరి నెలల్లోనూ, కాన్పయ్యాక మొదటి కొన్ని నెలల్లోనూ లీక్ వచ్చే అవకాశం తగ్గుతుందని చాలా స్టడీలు కలిపి చూసి తేల్చారు. ఆఖరి వారాల్లో, 34 వారాల తర్వాత నుంచి, యోని కింద చర్మాన్ని నూనెతో రోజూ మర్దన చేసుకుంటే మొదటి కాన్పులో కుట్లు అవసరమయ్యే చిరుగులు కొంత తగ్గుతాయి. ఎలా చెయ్యాలో నర్సుని అడగండి.

చెప్పుకోలేక

ఈ పేరుతో కొత్త అకౌంట్ పెట్టుకుని రాస్తున్నా, పాత పేరుతో రాయలేను. నాది యూరిన్ కాదు. కాన్పులో వెనక దాకా చిరిగింది, మూడో డిగ్రీ అన్నారు, ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి కుట్టారు. తొమ్మిది నెలలైంది. గ్యాస్ ఆగదు. ఒక్కోసారి మోషన్ వస్తోందని తెలిసేలోపే అయిపోతుంది. నలుగురిలో కూర్చోలేను. ఆయనకి చెప్పలేదు, దగ్గరికి వస్తే ఏదో ఒకటి చెప్పి పక్కకి తప్పుకుంటున్నా, ఆయన వేరేలా అర్థం చేసుకుంటున్నారేమో అని రోజూ నలిగిపోతున్నా.

శరత్కాలం

అమ్మా నువ్వు ఇది రాశావు చూడు, అది చిన్న పని కాదు. ఇక్కడ ఎవ్వరూ నిన్ను తక్కువగా చూడరు.

ఫిజియో_వనజ

చెల్లీ, ఇది నీ తప్పు కాదు, నువ్వు సరిగ్గా ముక్కకపోవడం వల్లో ఇంకోదాని వల్లో వచ్చింది కాదు. మూడో డిగ్రీ అంటే మలద్వారాన్ని మూసే కండరం కొంతో పూర్తిగానో తెగింది అని. వెంటనే కుట్టాక చాలామందికి బాగానే ఉంటుంది, కొందరికి బలం తిరిగి రావడానికి సాయం కావాలి. తొమ్మిది నెలలైనా ఉంది అంటే ఇక ఆగకుండా చూపించుకో. గైనకాలజిస్ట్ దగ్గర కాన్పు రోజు కాగితాలు చూపించి మూడో డిగ్రీ టేర్ అయింది, గ్యాస్, మోషన్ ఆగట్లేదు అని ఈ మాటల్లోనే చెప్పు, సిగ్గుతో కడుపు సరిగ్గా లేదు అని చెబితే విరేచనాల మాత్ర రాసి పంపేస్తారు. లోపలి కండరాన్ని స్కాన్ చేసి చూసే పద్ధతి ఉంది, అది ఎంత బిగుస్తోందో కొలిచే టెస్ట్ ఉంది. తర్వాత బయోఫీడ్‌బ్యాక్‌తో, అంటే కండరం ఎంత బిగుస్తోందో పరికరంతో చూపిస్తూ చేయించే వ్యాయామం, మోషన్ మరీ పల్చగా కాకుండా చూసుకోవడం, అవసరమైతే మందు, కొద్దిమందికి ఆపరేషన్. ఇంకో బిడ్డ అనుకుంటే అప్పుడు కాన్పు ఎలా అన్నది ముందే మాట్లాడుకోవాలి, నీలాంటి ఇబ్బంది మిగిలి ఉన్నవాళ్లకి సిజేరియన్ కూడా ఒక దారిగా చెబుతారు.

ఆయనకి చెప్పడం నీ ఇష్టం. ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వస్తే డాక్టర్ నోటి నుంచే వింటారు, అలా కొందరికి తేలికవుతుంది.

మందార_7

ఒకటి అడగాలి. అందరూ కెగెల్స్ కెగెల్స్ అంటుంటే నేను రోజుకి రెండు వందలు చేశాను, వీడియోలు చూసి. నెల తర్వాత కూర్చుంటే నొప్పి, శారీరకంగా దగ్గరయితే భరించలేని నొప్పి, యూరిన్ మొదలవడానికే టైం పడుతోంది. లీక్ తగ్గలేదు. నాకెందుకిలా?

ఫిజియో_వనజ

ఆపెయ్యండి ముందు. కొందరి కండరం వదులుగా ఉండి కాదు, ఎప్పుడూ బిగుసుకునే ఉండి పని చెయ్యదు. పిడికిలి పొద్దున్నుంచి బిగించి ఉంచి సాయంత్రం ఇంకా గట్టిగా బిగించమంటే బిగుస్తుందా? మీలాంటి లక్షణాలు ఉన్నవాళ్లకి ముందు వదలడం నేర్పుతాం, కడుపు నిండా గాలి పీల్చి కింద భాగం మెత్తగా కిందికి దిగేలా. చేతితో చూసే ఫిజియో దగ్గరికే వెళ్లండి, ఇది వీడియోతో అయ్యే పని కాదు.

నిద్రలేని_49

నాకు 49, పీరియడ్స్ రెండు నెలలకోసారి మూడు నెలలకోసారి వస్తున్నాయి. దగ్గితే ఏం కాదు. కానీ వెళ్లాలి అనిపించిందా, ఇక ఆగదు, తాళం తీసేలోపు అయిపోతుంది, కుళాయి శబ్దం వింటే చాలు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా. దారిలో ఎక్కడెక్కడ బాత్రూమ్‌లు ఉన్నాయో నాకు కంఠతా వచ్చు. ఇది కూడా అదేనా?

గైనిక్_ట్రైనీ

కాదండి, ఇది రెండో రకం. దగ్గితే లీక్ అయ్యే మొదటి రకంలో కింద తలుపు గట్టిగా ఉండదు, మీకు మూత్రసంచే నిండకముందే తొందరపెడుతోంది. ఇద్దరికీ ఇచ్చే వైద్యం వేరు, రెండూ కలిసి ఉన్నవాళ్లు కూడా చాలామంది. ముందు షుగర్, యూరిన్ ఇన్ఫెక్షన్ చూపించుకోండి, రాత్రి అన్నిసార్లు లేవడం షుగర్ వల్ల కూడా అవ్వొచ్చు.

తర్వాత మూడు రోజులు ఒక డైరీ రాయండి. ఎన్నింటికి ఎంత తాగారు, ఎన్నింటికి వెళ్లారు, కొలత గీతలున్న జగ్గులో పోసి ఎన్ని ఎంఎల్, ఎప్పుడు లీక్ అయింది. చిరాగ్గా ఉంటుంది కానీ డాక్టర్‌కి దీనికి మించిన ఆధారం లేదు. పెద్దవాళ్ల మూత్రసంచి మామూలుగా 300 నుంచి 500 ఎంఎల్ పట్టుకుంటుంది, మీది 100కే పరిగెత్తిస్తుంటే ఆ డైరీలోనే కనిపిస్తుంది. ట్రైనింగ్ అంటే, ఇప్పుడు గంటకోసారి వెళ్తుంటే గంటంపావు ఆగడం, కొన్ని రోజులకి గంటన్నర. తొందర వచ్చినప్పుడు పరిగెత్తకుండా కూర్చుని కండరాన్ని ఐదారుసార్లు టకటకా బిగించి వదిలితే ఆ అల తగ్గుతుంది, తగ్గాక నడిచి వెళ్లాలి. కనీసం ఆరు వారాలు. కాఫీ, టీ, కూల్‌డ్రింక్‌లు తగ్గించి చూడండి, కెఫీన్ చాలామందికి తొందర పెంచుతుంది. ఎందుకైనా మంచిదని ఊరికే వెళ్లిరావడం మానెయ్యండి, అది మూత్రసంచికి తక్కువకే అరవడం నేర్పుతుంది. ఇవి చాలకపోతే మందులున్నాయి, మూత్రసంచి గోడకి ఇంజెక్షన్ ఉంది.

సంధ్య_62

నేను రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. లేత ఉదయం, మీ అమ్మ గురించి చదివాక ఉండలేకపోయా తల్లీ, ఆ గుడ్డముక్కల కట్ట నా బ్యాగ్‌లో కూడా ఉండేది.

నాకు ముగ్గురు పిల్లలు, ఆఖరివాడు 4 కేజీలపైనే. పీరియడ్స్ ఆగింది 50లో. 55 దాటాక కింద ఏదో జారుతున్నట్టు, సాయంత్రం అయ్యేసరికి బరువుగా లాగుతున్నట్టు, స్నానం చేస్తుంటే చేతికి గుండ్రంగా మెత్తగా తగిలింది. క్యాన్సర్ అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఎనిమిది నెలలు ఆ భయంతో బతికాను, పడుకునే ముందు పిల్లల పేర్లు తలచుకుని ఏడ్చేదాన్ని. చివరికి కోడలు గమనించింది నేను నిలబడి పని చెయ్యలేకపోవడం, తనే తీసుకెళ్లింది. గర్భసంచి కిందికి జారింది, దాంతోపాటు మూత్రసంచి గోడ కూడా ముందుకి వచ్చింది అన్నారు. క్యాన్సర్ కాదు.

మొదట చూసినచోట గర్భసంచి తీసేద్దాం వచ్చే వారం అన్నారు. కోడలు ఒప్పుకోలేదు, ఇంకొకరి అభిప్రాయం తీసుకుందాం అంది. రెండో డాక్టరమ్మ అరగంట కూర్చోబెట్టి మాట్లాడింది, పెస్సరీ అని మెత్తటి సిలికాన్ రింగు చూపించింది, చేతి గాజంత ఉంది, వేళ్లతో నొక్కితే మడత పడుతుంది. లోపల పెట్టి లేచి నడవండి, దగ్గండి, కూర్చుని లేవండి అంది. మొదటి సైజు జారిపోయింది, రెండోది కుదిరింది. ఆ గది చుట్టూ నడుస్తుంటే ఇన్నాళ్ల తర్వాత కింద బరువు లేకుండా నడిచాను, నమ్మండి. ఇప్పుడు వారానికోసారి నేనే తీసి కడిగి పెట్టుకుంటున్నా, తీసుకోలేనివాళ్లకి కొన్ని నెలలకోసారి వాళ్లే మారుస్తారు. దాంతోపాటు లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఇచ్చారు, మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. మంట, మాటిమాటికీ వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్ రెండూ తగ్గాయి.

గైనిక్_ట్రైనీ

సంధ్యమ్మ గారూ చాలా బాగా చెప్పారు. కొంచెం కలుపుతాను. పీరియడ్స్ ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి యోని, మూత్రనాళం లోపలి పొర పల్చబడుతుంది, ఎండిపోతుంది, అందుకే 30 ఏళ్లు కొంచెంగా ఉన్న లీక్ 50ల్లో ఒక్కసారి పెరిగినట్టు అనిపిస్తుంది. ఒళ్లంతా సెగలు రావడం కొన్నేళ్లకి తగ్గుతుంది కానీ ఈ పొడిబారడం మందు లేకుండా తగ్గదు. రాసుకునే క్రీమ్ రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. నోటితో వేసుకునే హార్మోన్ మాత్రలు మాత్రం లీక్‌కి పనికిరావు, కొందరిలో పెంచుతాయి కూడా, రెండూ ఒకటే అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు క్రీమ్ అయినా సరే ముందు క్యాన్సర్ డాక్టర్‌ని అడగాలి. పాలిచ్చే తల్లుల్లో కూడా ఈస్ట్రోజన్ తక్కువే, లేత ఉదయం గారికి ఇప్పుడు పొడిదనం, బరువు లాంటివి ఉంటే పాలు మానిపించాక కొంత దానంతటదే తగ్గొచ్చు.

గర్భసంచి తీసేయడం గురించి. అది జారడానికి కారణం దాన్ని పట్టుకునే ఆధారాలు వదులవడం. సంచి తీసేసినా ఆధారాలు బాగుచెయ్యకపోతే తర్వాత యోని పైభాగం కూడా జారొచ్చు. కొందరికి ఆపరేషనే సరైనది, కానీ అడగాల్సిన ప్రశ్నలు అడిగి చేయించుకోవాలి, ఆధారం ఎలా కడతారు, మెష్ (ఆధారంగా లోపల కుట్టే వలలాంటి అల్లిక) పెడతారా అని. యోనిలోంచి జారుడుకి పెట్టే మెష్‌ని అమెరికాలో 2019 ఏప్రిల్‌లో అమ్మకం ఆపించారు, చాలామందికి నొప్పి, మెష్ బయటికి రావడం జరిగాయి. దగ్గితే లీక్ అయ్యేదానికి మూత్రనాళం కింద పెట్టే సన్నటి టేపు వేరు, అది ఇప్పటికీ చాలాచోట్ల చేస్తున్నారు, దాని మంచీచెడూ కూడా ముందే చెప్పించుకోండి.

వీటికి మాత్రం ఆగకుండా వెళ్లండి. పీరియడ్స్ ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, యూరిన్‌లో రక్తం వచ్చినా, యూరిన్ అసలు రాకుండా బిగదీసినా, తొడల మధ్య మొద్దుబారినా. అలాగే కష్టమైన కాన్పు తర్వాత దగ్గూ తుమ్మూ ఏమీ లేకుండా రాత్రీ పగలూ కారుతూనే ఉంటే అది కండరం బలహీనత కాదు, మూత్రసంచికి యోనికి మధ్య చిల్లు పడి ఉండొచ్చు, ఫిస్టులా అంటారు, ఆపరేషన్‌తో మూస్తారు.

తోడుగా_ఆర్

నేను మగవాణ్ని, రాయొచ్చో లేదో. మా ఆవిడ ఈ లింక్ పంపింది, ఇంకేం రాయలేదు, లింక్ ఒక్కటే. పెళ్లయి ఎనిమిదేళ్లు. ఇప్పుడు నేనేం అడగాలి తనని?

శరత్కాలం

అన్నయ్యా, చదివాను అని చెప్పండి చాలు. డాక్టర్ దగ్గరికి నేనూ రానా అని అడగండి. తను వ్యాయామం చేసుకునే ఆ మూడు పూటలూ పిల్లల్ని పది నిమిషాలు మీరు పట్టుకోండి.

పెద్దక్క_సు

మొదట్లో అలవాటైపోతుంది అని రాసింది నేనే. ఆ రోజు నుంచి ఈ థ్రెడ్ రోజూ తెరుస్తున్నాను. నాకు 46. పన్నెండేళ్లుగా నాకూ ఉంది. మా అత్తగారు నాకు చెప్పిన మాటే మీకు రాశాను, నాకు అంతకుమించి తెలియదు. నీళ్లు తగ్గించుకుని తగ్గించుకుని రెండుసార్లు కిడ్నీలో రాళ్లు కూడా వచ్చాయి. మంగళవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నా, అక్కడికెళ్లాక నోరు పెగలకపోతే కాగితమే ఇచ్చేస్తా.

సంధ్య_62

ఇచ్చెయ్ తల్లీ. నేనూ అంతే, నా తరఫున కోడలే మాట్లాడింది మొదటిసారి.

లేత_ఉదయం (నాలుగు నెలల తర్వాత)

అందరికీ నమస్తే, చాలా రోజులైంది. వనజ గారు చెప్పినట్టే ఇక్కడ ఒక ఫిజియోని వెతుక్కున్నా, ఆవిడ చూసి నేను సగంసార్లు కిందికి ముక్కుతున్నా అని చెప్పింది, నాకు తెలియనే తెలియలేదు. సరిచేసుకున్నాక ఆరో వారం నుంచి తేడా వచ్చింది. ఇప్పుడు మామూలు దగ్గుకి ఏం కాదు, జలుబు చేసి గట్టిగా వరసగా వస్తే మాత్రం ఇంకా రెండు చుక్కలు. ప్యాడ్ ఇంట్లో మానేశా, బయటికి వెళ్తే పెట్టుకుంటున్నా.

అమ్మని ఒప్పించడానికి నెలన్నర పట్టింది. సంధ్యమ్మ గారి పోస్ట్ పెద్దగా చదివి వినిపించా, చేతికి తగిలింది అన్న దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆవిడకీ ఉందట, అదీ చెప్పలేదు. జారుడు రెండో స్టేజ్ అన్నారు, రెండు రకాల లీకూ ఉంది. క్రీమ్, రింగు, వ్యాయామం మొదలయ్యాయి. డైరీ మాత్రం ఎంత శ్రద్ధగా రాసిందో, స్కేలు పెట్టి గళ్లు గీసుకుని, 3.40కి 120 ఎంఎల్, 5.15కి 180 ఎంఎల్ అని ఎర్ర పెన్నుతో. ఇప్పుడు 250 దాకా వస్తోంది. వ్యాయామం ఇద్దరం కలిసే చేస్తాం, పక్కపక్కన పడుకుని, ఆవిడే లెక్కపెడుతుంది.

ఒక డౌట్. నాకు మళ్లీ రన్నింగ్ మొదలుపెట్టాలనుంది, తొమ్మిది నెలలైంది కదా, చెయ్యొచ్చా?

ఫిజియో_వనజ

చెయ్యొచ్చు కానీ ఒక్కసారిగా వద్దు. ముందు అరగంట చురుగ్గా నడవండి, ఒక్క కాలి మీద పది సెకన్లు నిలబడండి, ఉన్నచోటే నిమిషం పరుగెత్తండి, ఒంటికాలితో పది గెంతులు గెంతండి. వీటిల్లో లీక్ గానీ కింద బరువుగానీ లేకపోతే నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. మధ్యలో బరువుగా అనిపిస్తే ఆ రోజుకి ఆపి వెనక్కి ఒక మెట్టు. అమ్మగారి రింగుకి తర్వాతి చెకప్ ఎప్పుడు?

లేత_ఉదయం

వచ్చే నెల 9న. ఈసారి తనొక్కతే వెళ్తానంటోంది.